కొండ ఊరికి కైఫీయతు రాయడం ఎలా

నేను పదకొండేళ్లు పాఠాలు చెప్పిన ఊరికి నలభై మూడు ఇళ్లు. విశాఖ మన్యంలో, పాడేరు వైపు, బస్సు దిగాక గంటన్నర నడక. ఊరి పేరు మాత్రం రాయను, ఎందుకో తర్వాత చెబుతాను. బదిలీ కాగితం చేతికి వచ్చేనాటికి నా ట్రంకు పెట్టెలో ఆరు నోటు పుస్తకాలు చేరాయి. అది ఆ ఊరి కైఫీయతు, అంటే ఊరి వాళ్లు చెప్పగా రాసిన ఊరి చరిత్ర. ఈ మధ్య కొండ మీద కొత్తగా చేరిన ఉపాధ్యాయులు, సచివాలయం ఉద్యోగులు, డిగ్రీ చదివి ఊరికి తిరిగి వచ్చిన నా పాత విద్యార్థులు ఫోను చేసి, ‘ఊరి గురించి రాయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి మేడమ్’ అంటున్నారు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే ఓపిక తగ్గింది కనుక ఇలా రాసి పెడుతున్నాను.

కైఫీయతు అనడం నా గొప్ప కోసం కాదు. రెండు వందల ఏళ్ల కిందట కల్నల్ కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి కోసం కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి కింది గుమాస్తాలు ఊరూరా తిరిగారు. కరణాల దగ్గర ఉన్న దండకవిలెలు, అంటే ఊరి లెక్కల పాత పుస్తకాలు చూసి, పెద్దలు చెప్పింది విని రాయించారు. అవే కైఫీయతులు. 1821లో మెకంజీ చనిపోయాక, చాలా తెలుగు కైఫీయతులకు సి.పి. బ్రౌన్ మళ్లీ ప్రతులు రాయించాడు. అయితే కరణం ఉన్న ఊరికే కవిలె ఉంటుంది. కొండ మీద శిస్తు వసూలు చేసింది ముఠాదారు, అంటే ముఠా అనే కొన్ని ఊళ్ల గుంపు మీద పెత్తందారు. నేనున్న ఊరి లాంటి గూడేనికి కరణమూ లేడు, కవిలే లేదు. అప్పుడు రాయకుండా వదిలేసిన పనిని ఇప్పుడు మనం చేస్తున్నాం.

అడగకండి, నడవండి

మొదటి ఏడాది నేను ఒక ఆదివారం పెద్దలను చింత చెట్టు కింద కూర్చోబెట్టి, పుస్తకం తెరిచి, ‘మీ ఊరి చరిత్ర చెప్పండి’ అన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి ఒక తాత అల్లూరి సీతారామరాజు గారితో మొదలుపెట్టాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు... తేదీలన్నీ సరిగ్గా చెప్పాడు. ఎందుకు చెప్పడు? అంతకు ముందు వారమే ఆయన మనవడికి ఆ పాఠం చెప్పింది నేనే. వాడు ఇంట్లో గొంతెత్తి చదివాడు. నా పాఠమే నాకు తిరిగి వచ్చింది, నేను దాన్ని భక్తిగా రాసుకున్నాను.

చరిత్ర అని అడిగితే మీకు ఏది కావాలని వాళ్లు అనుకుంటారో అదే దొరుకుతుంది. కాబట్టి మొదటి ఆరు నెలలు ఏమీ అడగకండి. మేకలు తోలే పిల్లలతో, నీళ్లకు వెళ్లే ఆడవాళ్లతో, పోడు (కొండవాలు సేద్యం) చూసుకోవడానికి వెళ్లే వాళ్లతో నడవండి. ఒకే ప్రశ్న పెట్టుకోండి: ‘ఈ చోటును ఏమంటారు?’ అంతే. ప్రతి బండకూ, ప్రతి మలుపుకూ, గెడ్డలో (వాగులో) నీళ్లు నిలిచే ప్రతి మడుగుకూ ఒక పేరు ఉంటుంది. 

నడక కోసం ఒక పటం చేసుకోవాలి. భారత సర్వేక్షణ విభాగం పటాలు 1:50,000 కొలతవి ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. అందులో రెండు సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. పాడేరు, అరకు ప్రాంతమంతా 65 జె అనే భాగం కిందికి వస్తుంది, చింతపల్లి వైపు అయితే 65 కె. మీ ఊరు అందులో నాలుగు చుక్కలుగా ఉంటుంది, ఒక్కోసారి పేరు తప్పుగా కూడా ఉంటుంది. ఎత్తు గీతలనూ వాగులనూ మాత్రం అందులోంచి తీసుకుని, నాలుగు రెట్లు పెద్దదిగా చార్టు కాగితం మీద గీసుకోండి. మా ఊరి చుట్టూ సర్కారు పటంలో రెండు పేర్లు ఉంటే, రెండేళ్లు తిరిగేసరికి నా చార్టులో అరవై ఒకటి అయ్యాయి.

పేరు దొరకగానే అర్థం చెప్పేయాలన్న దురద అందరికీ ఉంటుంది. దాన్ని కాస్త ఆపుకోండి. వలస, గరువు, మెట్ట, గెడ్డ లాంటి మాటలు ఉత్తరాంధ్ర వాళ్లకు తెలిసినవే. కానీ ఇళ్లలో ఆదివాసీ ఒడియా, కువి, కొండ భాషలు మాట్లాడే చోట తెలుగు అర్థం అతికిస్తే తప్పులో కాలేస్తారు. అరకు దారిలో శిమిలిగుడ స్టేషను ఉంది కదా, ఆ పేరును తెలుగులో ఎంత వెతికినా ఏమీ తేలదు. ఒడియాలో శిమిలి అంటే బూరుగు చెట్టు. మా ఊళ్లో గుర్రంమెట్ట అనే చోటు ఉంది. దొరగారి గుర్రం చచ్చిన చోటని ఒకరు, మంచులో ఆ బండ గుర్రంలా కనబడుతుందని ఒకరు, గుర్రం అసలు అక్కడికి ఎక్కగలదా అని ఇంకొకరు. ముగ్గురి మాటలూ ఎవరు చెప్పారో పక్కన పెట్టి రాసుకోండి. తీర్పు చెప్పడం మన పని కాదు.

పుస్తకంలో కుడి పేజీ మీదే రాయండి, ఎడమ పేజీ ఖాళీగా వదలండి. తర్వాత వచ్చే సవరణలన్నీ అక్కడికే వెళ్తాయి. మొదటి పుస్తకంలో నేను ఈ పని చేయలేదు, ఇప్పుడది నాకే అర్థం కాదు.

పాత ఊరు

కొండ మీది ఊళ్లు ఎప్పుడూ ఒకే చోట లేవు. జ్వరాలు వచ్చాయనో, ఊట ఎండిందనో, పోడు దూరమైందనో కదిలాయి. అందుకే పాత ఊరు ఎక్కడో తెలుసుకోవడం మిగతా అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. అడవి మధ్యలో చింత చెట్లు, మామిడి చెట్లు ఒకే చోట గుంపుగా, ఒకే వయసులో కనబడితే అక్కడ ఆగండి. 

మా ఊరి వాళ్లు నన్ను అక్కడికి తీసుకెళ్లడానికి నాలుగేళ్లు పట్టింది. నిజానికి తీసుకెళ్లలేదు, విస్తళ్లు కుట్టే అడ్డాకులకు వెళ్తున్న ఒక మామ్మ వెనకాల నేనే పడ్డాను. మూడు చింతలు, రెండు మామిళ్లు, మధ్యలో నేలకు సమంగా ఒక పరుపు బండ. మామ్మ కాలితో ఎండుటాకులు తోసింది. బండలో గుంట, జానెడు లోతు, అంచు నున్నగా అద్దంలా ఉంది. ఇంకో నాలుగు అడుగుల అవతల ఇంకొకటి. మొత్తం పదకొండు. సామలు దంచుకున్న రోళ్లు. మామ్మ ఒక దాని పక్కన గొంతు కూర్చుని, లోపల చేయి పెట్టి తిప్పి, ‘ఇది మా అత్తది’ అంది. ఎలా తెలుసు మామ్మా అంటే, నా చేయి పట్టుకుని లోపల పెట్టింది. మిగతా గుంటలు కుండ అడుగులా గుండ్రంగా ఉంటే, ఇది ఒక పక్కకు ఒరిగి అరిగింది. ‘అత్తది ఎడమ చేతి వాటం’ అంది.

ఆ సాయంత్రం నేను రాసుకున్నది: పదకొండు గుంటలు, ఒక్కోదాని లోతు, వెడల్పు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దూరం. ఇంటికి ఒక రోలు అనుకుంటే పదకొండు ఇళ్ల ఊరు. మీరూ అలాగే కొలవండి. టేపు లేకపోతే జానలతో కొలిచి, మీ జాన ఎన్ని సెంటీమీటర్లో పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టండి. ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు గాని అగ్గిపెట్టె గాని ఉంచండి. గుంటలో పేరుకున్న మట్టిని మాత్రం తవ్వి తీయకండి.

తేదీలు పట్టుకోవడం

‘ఊరు ఎప్పుడు కదిలింది’ అంటే ‘మా అయ్య చిన్నప్పుడు’ అంటారు. అయ్య వయసు ఎవరికీ తెలియదు. బడి ప్రవేశ రిజిస్టరులో చూద్దాం అనుకుంటారేమో, పాత రిజిస్టర్లలో ఊరి పిల్లలందరూ జూలై 1న పుట్టినట్టే ఉంటుంది. మా మాస్టర్ల పుణ్యం అది, నేనూ కొందరిని అలా పుట్టించాను. రిజిస్టరు ఇంటిపేర్లకు పనికొస్తుంది గాని వయసుకు పనికిరాదు.

దానికి బదులు ఊరు మరిచిపోలేని సంఘటనలతో ఒక కాలపట్టీ చేసుకోండి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం, సాయంత్రం కాకముందే చీకటి పడిన రోజు. అప్పటికి మేకలు తోలే వయసు దాటిన వాళ్లకు అది గుర్తుంటుంది. 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఇనుప ఖనిజం కోసం రైలు మార్గం వేశారు, సొరంగాల పనికి వెళ్లిన వాళ్లో వాళ్ల పిల్లలో ఉంటారు. 1969లో ముఠాదారీ పద్ధతి రద్దు. 1970లో ఆదివాసీల భూమి ఇతరుల చేతికి పోకుండా ఆపే భూబదలాయింపు చట్టానికి వచ్చిన సవరణ, అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనేది. ఇటీవలిది 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను, కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓకులు పడిపోయిన రోజు. ‘గ్రహణం నాటికి నీకు పెళ్లయిందా తాతా? ఊరు అప్పటికి ఇక్కడే ఉందా?’ ఇలా ముందుకూ వెనక్కూ అడిగితే ఏడాది కాకపోయినా పదేళ్ల వెడల్పులో తేలుతుంది. అది చాలు.

కాగితాలు దొరికితే రెండు చిక్కులు. సంవత్సరం పేరు ఒకటే రాసి ఉంటే అరవై ఏళ్లకు ఒకసారి అదే పేరు వస్తుందని మరవకండి. దుందుభి అంటే 1922–23 కావచ్చు, 1982–83 కావచ్చు, 1862–63 కూడా కావచ్చు. రెండోది ఫసలీ, అంటే శిస్తు లెక్కల కోసం వాడిన సంవత్సరం. పాత శిస్తు రసీదుల మీద, అడంగలులో ఫసలీ సంవత్సరమే ఉంటుంది. దానికి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది, లెక్క జూలై నుంచి జూన్ దాకా. ఫసలీ 1379 అంటే 1969 జూలై నుంచి 1970 జూన్. ఒక ఇంట్లో చూరులో దోపిన రసీదును నేను పద్నాలుగో శతాబ్దపు సంఖ్య అనుకుని రాత్రంతా నిద్రపోలేదు. నవ్వండి, పరవాలేదు.

రాళ్లు, దేవుళ్లు

ఇక్కడ కాస్త జాగ్రత్త. మన్యంలో దేవుడంటే గుడి, గోపురం అనుకుని వెతికితే ఏమీ కనిపించదు. ఊరి నడుమ గాని పొలిమేరలో గాని నాటిన రాళ్లు ఉంటాయి: శంకుదేవుడు, నిశాని దేవత, జాకర దేవత, ఊరికో తీరు. అవి మీకు మామూలు రాళ్లలాగే కనబడవచ్చు.

రెండో ఏడాది ఒక రాయి మీద గీతలు కనబడ్డాయి. శాసనం దొరికిందని నా గుండె ఆగినంత పనైంది. సంచిలో సుద్దముక్క ఎలాగూ ఉంటుంది, గీతల్లో సుద్ద నింపి ఫొటో తీశాను. మర్నాడు పూజారి బడి ముందు నుంచే వెళ్తూ నా వైపు చూడలేదు. నెల రోజులు చూడలేదు. ఆ రాయికి శుద్ధి చేయాల్సి వచ్చింది, కోడి ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఇంతకీ అవి అక్షరాలు కావు, వాన నీరు చేసిన గీతలని శాసనాలు తెలిసిన మిత్రుడు ఫొటో చూడగానే చెప్పాడు.

కాబట్టి సుద్ద, నూనె, పసుపు, పిండి, ఏదీ రాయి మీద వేయకండి. బ్రష్షుతో రుద్దకండి. ముందు పూజారిని అడగండి, వద్దంటే మానేయండి. సరే అంటే సూర్యుడు వాలిన వేళ, వెలుతురు పక్క నుంచి పడేటప్పుడు ఫొటో తీయండి. లేదంటే చీకటి పడ్డాక టార్చి లైటును రాయికి ఏటవాలుగా పట్టుకోండి. అరిగిన అక్షరమైనా నీడ పడి పైకి తేలుతుంది. నిజంగా శాసనమే అనిపిస్తే తడి కాగితం అద్ది సిరాతో నకలు తీసే పని పురావస్తు శాఖ వాళ్లకు వదిలేయండి.

ఊరి పేరు ఎందుకు రాయనన్నానో ఇప్పుడు చెబుతాను. పాత రాయి ఉందని తెలిస్తే చాలు, దాని కింద నిధి ఉందని రాత్రిపూట గునపాలతో వచ్చే వాళ్లు ఉన్నారు. ఏ రాయి ఎక్కడ ఉందో ఊరి కోసం రాసే ప్రతిలో ఉండాలి గాని బయటకు పంపే దానిలో ఉండకూడదు. ఫోనులో తీసిన ఫొటోలో స్థలం వివరం కూడా దాగి ఉంటుంది, కెమెరా అమరికల్లో దాన్ని ఆపేయండి. ఎక్కడైనా పాత నాణేలు, పాత్రలు బయటపడితే మాత్రం దాచకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిధి దొరికినా కలెక్టరుకు తెలపాలి.

ఎవరు చెప్పారు

ఊరి పెద్ద నాయుడు చెప్పేది ఊరి తరఫు మాట. అది రాయండి, కానీ అక్కడితో ఆగకండి. బారికి అంటే ఇంటింటికీ కబురు మోసిన మనిషి, ఎవరి ఇంట్లో ఏ తగువు ఎలా తీరిందో ఆయనకు తెలుసు. ముహూర్తాలు చూసే దిశారికి నెలలూ నక్షత్రాలూ తెలుసు. పురుళ్లు పోసిన మామ్మకు ఊరి వంశవృక్షమంతా నోటికి వచ్చు. ఆడవాళ్లు మగవాళ్ల ముందు మాట్లాడరు. అడ్డాకులు కుట్టే చోట, చీపుళ్లు కట్టే చోట మీరూ ఆ పని చేస్తూ కూర్చోండి. నా విస్తరాకులు చూసి వాళ్లు నవ్విన నవ్వుల మధ్యే సగం పుస్తకం నిండింది.

పండుగల గురించి ‘ఏ పండుగలు చేస్తారు’ అని అడగడం కన్నా, ‘ఏది ఎప్పటిదాకా తినకూడదు’ అని అడగండి. మామిడి కొత్త, కొర్ర కొత్త, చిక్కుడు కొత్త... కొత్త చేయనిదే ఆ పంట నోట్లో పెట్టరు. ఆ ఒక్క ప్రశ్నతో ఏడాది పంటల లెక్క మొత్తం బయటికొస్తుంది. చైత్రంలో ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు వెళ్తారు, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే వాళ్ల దగ్గర డబ్బు వసూలు చేస్తారు. ఆ రోజుల్లో రాయడానికి ఎవరూ దొరకరు, చిల్లర జేబులో పెట్టుకుని వెళ్లండి.

గొంతు రికార్డు చేయడానికి మామూలు ఫోను చాలు. ముందు తేదీ, చోటు, చెప్పేవారి పేరు మీ గొంతుతో చెప్పి మొదలుపెట్టండి. ఫోనును మడిచిన తువ్వాలు మీద పెట్టండి. చేట మీద పెడితే ప్రతి గింజ చప్పుడూ ఉరుములా వినబడుతుంది. వాళ్లు ఏ భాషలో చెబితే ఆ భాషలోనే, తెలుగు లిపిలో, విన్నది విన్నట్టు రాయండి. అనువాదం తర్వాత. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని నిఘంటువు దాకా వెళ్లారు. కొండల్లో తిరిగి తెచ్చుకున్న మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి పోయింది. చెవులు బాగున్న మనం అరగంట రికార్డింగును రెండుసార్లు వినలేమా?

దేవత పూని పలికే మనిషి, గురుమాయి, పూనకంలో పాడే పాటను రికార్డు చేయనివ్వలేదు. నేను చేయలేదు. ‘ఇలాంటి పాట ఒకటి ఉంది, వినడం అయింది, రాయడానికి ఒప్పుకోలేదు’ అని ఒక వాక్యం రాశాను. థింసా నాట్యం అయితే ఎంతైనా తీసుకోమన్నారు. తుడుము, మోరి, కిరిడి వాయించే వాళ్లను ఆట లేనప్పుడు విడివిడిగా వాయించమని అడిగి తీసుకోండి, అందరూ కలిసి వాయించినప్పుడు ఏ చప్పుడు దేనిదో తేలదు. కుంచం, మానిక, సోల లాంటి కొలతలు కనబడితే సామలు నింపి తూకం వేసి రాయండి. పక్క ఊరి కుంచం వేరు, ఈ ఊరి కుంచం వేరు.

కాగితాల గురించి క్లుప్తంగా. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ తయారుచేసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు చూడండి. మీ ఊరు ఉండదు, మీ ముఠా ఉండవచ్చు. 1961 జనగణనలో కొన్ని ఊళ్లను ఎంచుకుని ఒక్కో ఊరి మీద పుస్తకం వేశారు, మీది కాకపోయినా దగ్గర ఊరిది దొరికితే ఏమేమి అడగాలో దాన్ని చూసి నేర్చుకోవచ్చు. ఒక కార్యాలయంలో పాత దస్త్రాల కోసం నేను పదమూడు సార్లు తిరిగాను, చివరికి చెదలు తిన్నాయన్నారు. మీరు మూడుసార్లు తిరిగి మానేయండి.

ఇంకొక సంగతి, చాలామంది పట్టించుకోనిది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాలలో 13వది సాక్ష్యాల గురించి. పాత ఇళ్ల జాడలు, బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు, దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పగా రాసిన వాంగ్మూలం, ఇవన్నీ అందులో సాక్ష్యాలే. అంటే మీరు కొలిచిన రోళ్లు, మామ్మ చెప్పిన మాట రేపు ఊరి గ్రామసభకు అవసరం పడవచ్చు. అందుకే చెప్పినవారి పేరు, తేదీ, వేలిముద్ర గాని సంతకం గాని ఆ రోజే తీసుకోండి. తర్వాత తీసుకుందాం అనుకున్న వాళ్లలో ఇద్దరు నాకు మిగల్లేదు.

ఊరికి చదివి వినిపించడం

అంతా అయ్యాక కోతల తర్వాత ఒక వెన్నెల రాత్రి చూసుకుని ఊరందరి ముందూ మొదటి నుంచి చివరి దాకా చదవండి. నాకు మూడు రాత్రులు పట్టింది. పదిహేడు చోట్ల ఆపారు. ఇంటిపేరు తప్పని, గెడ్డ పేరు అవతలి దానిదని, ఆ తగువులో జరిమానా మేక కాదు పంది అని. ప్రతి సవరణనూ అక్కడికక్కడే ఎడమ పేజీలో, చెప్పినవారి పేరుతో రాయాలి. ఎవరైనా ‘ఇది తీసేయండి’ అంటే వాదించకండి, వాళ్ల ముందే కొట్టేయండి.

మూడు ప్రతులు చేయండి. ఒకటి బడిలో, ఒకటి మీ దగ్గర, ఒకటి ఊళ్లో విత్తనాలు దాచే ఇంట్లో. విత్తనాలను పొయ్యి పైన అటక మీద పెడతారు, ఆ పొగకు పురుగు చేరదు. రేకు డబ్బాలో పెట్టిన పుస్తకానికీ అక్కడే చోటు.

ఎడమ చేతి వాటం రోలు దగ్గరికి వచ్చేసరికి మామ్మ ఆడపడుచు లేచింది. ఎడమ చేతి వాటం అమ్మది కాదు, మేనత్తది, ఆ రోలు మేనత్తదే అంది. మామ్మ ఒప్పుకోలేదు. రెండూ రాశాను. ఆ తర్వాత మామ్మ మనవరాలు ఇంకో మాట చెప్పింది, అది రాయడానికి ఎడమ పేజీలో చోటు చాలక చీటీ అంటించాల్సి వచ్చింది. చీటీలు గంజితో అంటించండి, సెల్లోటేపు రెండు వానాకాలాలకే పసుపుపచ్చగా మారి ఊడిపోతుంది. గంజిలో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు, తర్వాత చేతులు మాత్రం బాగా కడుక్కోండి.